ఐడీపీఎల్ మూతపడింది, హైదరాబాద్ మందుల రాజధాని అయింది: దీన్ని గెలుపు అనాలా, ఓటమి అనాలా?

విభాగం: ఆర్థిక చరిత్ర / స్వాతంత్య్రం తర్వాత

అశోక్‌నగర్_అభ్యర్థి

గ్రూప్-1 కోసం ఎకానమీ చదువుతున్నా. ఒక మెటీరియల్‌లో 1956 నుంచి 1991 దాకా నడిచిందంతా లైసెన్స్ రాజ్, వృథా అని రాశారు. ఇంకోదాంట్లో ఆ పునాదే లేకపోతే ఈ రోజు ఏ పరిశ్రమా లేదంటారు. తమాషా ఏంటంటే ఇద్దరూ చూపించే ఉదాహరణ ఒకటే, మన బాలానగర్ ఐడీపీఎల్ (ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్, కేంద్ర ప్రభుత్వ మందుల కంపెనీ). సర్కారు సొమ్ముతో పెట్టిన ఫ్యాక్టరీ నష్టాల్లో మునిగింది, దాని చుట్టూ వందల ప్రైవేటు యూనిట్లు లేచాయి. మార్కుల సంగతి అటుంచి, అసలేం జరిగిందో వివరంగా చెప్పగలరా?

పద్దుల_పుస్తకం

ఫ్యాక్టరీ కంటే ముందు ఖజానా సంగతి చూడాలి. మెటీరియల్స్‌లో దీన్ని రెండు లైన్లలో తేల్చేస్తారు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మన దగ్గర సరుకులు, సైనిక సేవలు అరువు మీద తీసుకుంది. ఆ బాకీ లండన్‌లో స్టెర్లింగ్ (బ్రిటిష్ పౌండ్ల) నిల్వలుగా పేరుకుని, యుద్ధం ముగిసేసరికి సుమారు 1,700 కోట్ల రూపాయలకు చేరింది. కాగితం మీద మనం అప్పిచ్చినవాళ్లం. కానీ బాకీ తీర్చడానికి బ్రిటన్ దగ్గర డాలర్లు లేవు, కాబట్టి విడతలవారీగానే వదిలింది. అందులో పాకిస్తాన్ వాటా పోయింది, బ్రిటిష్ అధికారుల పింఛన్లకు, వాళ్లు వదిలివెళ్లిన సైనిక సామగ్రికి కొంత కోత పడింది. మిగిలినదాన్ని రెండో ప్రణాళిక (1956-61) యంత్రాల దిగుమతులు మింగేశాయి. 1957కల్లా విదేశీ మారకం సంక్షోభం వచ్చింది. 1958లో ప్రపంచ బ్యాంకు చొరవతో దాతల కూటమి ఏర్పడితే గానీ గడవలేదు.

ఇంత ఎందుకు చెప్పానంటే, "దిగుమతి ప్రత్యామ్నాయం" (బయటి నుంచి కొనేదాన్ని ఇక్కడే తయారు చేసుకోవడం) అనగానే అందరూ నెహ్రూ సోషలిజం, భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన మహలనోబిస్ మోడల్ అని మొదలుపెడతారు. సిద్ధాంతం ఉంది, కాదనను. కానీ 1957 తర్వాత అది చాలావరకు డాలర్లు లేని ఇంటి తిప్పలు. మందు టన్నుల్లో దిగుమతి చేసుకోవాలంటే ఏటా డాలర్లు కావాలి. ఫ్యాక్టరీ దిగుమతి చేసుకుంటే ఒక్కసారి చాలు. పైగా సోవియట్ యూనియన్ అయితే దీర్ఘకాలిక రుణం ఇచ్చి, వాయిదాలకు బదులు మన సరుకే తీసుకునేది.

ఆజమాబాద్_షెడ్

పద్దుల గారూ, హైదరాబాద్‌కి ఇంకో పొర ఉంది. ఇక్కడ నేరుగా బ్రిటిష్ పాలన లేదు, నిజాం సంస్థానం. 1929లోనే సర్కారు పారిశ్రామిక ట్రస్ట్ ఫండ్ పెట్టి, ప్రైవేటు కంపెనీల్లో వాటాలు కొనడం మొదలుపెట్టింది. వరంగల్ ఆజంజాహీ మిల్లు, బోధన్ నిజాం షుగర్స్, సిర్పూర్ కాగితం మిల్లు అన్నీ 1930లలో పుట్టినవే. ఆల్విన్ 1942, ప్రాగా టూల్స్ 1943. సింగరేణిని లండన్ కంపెనీ చేతుల్లోంచి 1945లో కొనేశారు.

ఈ చర్చకు అన్నిటికంటే ముఖ్యమైనది 1944లో పెట్టిన పరిశోధనాలయం. అది 1956లో కేంద్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ కిందికి వెళ్లి రీజనల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ అయింది. తార్నాకలో జనం ఇప్పటికీ ఆర్ఆర్‌ఎల్ అనే అంటారు. 1989 నుంచి దాని పేరు ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ).

ఊళ్ల కథ మాత్రం వేరు. సంస్థానంలో ఫ్యాక్టరీలు లేచాయి గానీ పల్లెల్లో జాగీర్లు, వెట్టి అలాగే ఉన్నాయి. జాగీర్ల రద్దు 1949లో, కౌలుదారీ చట్టం 1950లో వచ్చాయి.

జీడిమెట్ల_రియాక్టర్

అసలు మలుపు పేటెంట్ చట్టం. దాన్ని వదిలేసి ఐడీపీఎల్ లాభనష్టాలు మాట్లాడితే కథ సగమే.

1911 నాటి వలస చట్టం ప్రకారం మందు అణువు మీదే పేటెంట్ ఉండేది, 16 ఏళ్లు. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ కమిటీ 1959లో ఇచ్చిన నివేదిక చదవండి. దేశంలోని పేటెంట్లలో 80 నుంచి 90 శాతం విదేశీయులవి, వాటిలో 90 శాతానికి పైగా ఇక్కడ ఉత్పత్తికే పెట్టలేదు. అంటే ఇక్కడ తయారు చేయడానికి కాదు, ఇంకెవరూ తయారు చేయకుండా ఆపడానికి. 1960లలో టోల్బుటమైడ్ అనే షుగర్ మందు విషయంలో హెక్స్ట్ కంపెనీ యూనికెమ్‌ను బొంబాయి హైకోర్టుకు ఈడ్చి గెలిచింది. యూనికెమ్ వాడిన పద్ధతి ముంబై హాఫ్కిన్ సంస్థలో తయారైంది, అయినా లాభం లేకపోయింది.

1970 చట్టం 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది. ఆహారం, మందులు, పురుగుమందులకు వస్తువు మీద పేటెంట్ లేదు, తయారీ పద్ధతి మీదే ఉంటుంది. అదీ దరఖాస్తు నుంచి 7 ఏళ్లు లేదా మంజూరు నుంచి 5 ఏళ్లు, ఏది తక్కువైతే అది.

ఇప్పుడు చట్టం షాప్‌ఫ్లోర్ మీద ఎలా పనిచేసిందో చూడండి.

ముందు అణువును ఎంచుకుంటారు. మూల కంపెనీ పేటెంట్లు, కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ (రసాయన పరిశోధనల సారాంశాల సూచిక) తిరగేసి నాలుగైదు రూట్లు, అంటే తయారీ దారులు, రాసుకుంటారు. పేటెంట్ ఉన్న రూట్ పక్కన పెడతారు. మిగిలినవాటిలో, దేశంలో దొరికే ముడిసరుకుతో ఏది మొదలవుతుందో చూస్తారు. ఆ తర్వాత గ్రాములు, వంద గ్రాములు, కిలో, పైలట్, ప్లాంట్. ఒక్కో మెట్టు దగ్గర వేరే జబ్బు బయటపడుతుంది.

ల్యాబ్‌లో ఫ్లాస్కును ఐస్‌లో పెడితే వేడి నిమిషాల్లో దిగుతుంది. 2,000 లీటర్ల రియాక్టర్‌లో పరిమాణంతో పోలిస్తే జాకెట్ (చల్లబరిచే బయటి తొడుగు) ఉపరితలం చాలా తక్కువ, వేడి బయటికి పోదు. అందుకని ల్యాబ్‌లో 15 నిమిషాల్లో పోసిన రసాయనాన్ని ఇక్కడ 5-6 గంటలు చుక్కచుక్కగా పోయాలి. అంతసేపు నిలబడితే మధ్యలో తయారైన పదార్థం పాడై మలినం పెరుగుతుంది. తొందరపడి పోస్తే రియాక్షన్ చేయి దాటి పేలుతుంది. గ్లాస్‌లైన్డ్ (లోపల గాజు పూత ఉన్న) రియాక్టర్‌లో మ్యాన్‌హోల్ నుంచి ఒక్క స్పానర్ జారిపడితే చాలు, లైనింగ్‌కి చిప్ లేస్తుంది. స్పార్క్ టెస్టర్ పెట్టి చూడకుండా హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే అక్కడి నుంచి లోపలి ఉక్కు తినేస్తుంది, బ్యాచ్‌లో ఇనుము వస్తుంది.

ఇక డబ్బంతా యీల్డ్‌లోనే, అంటే వేసిన సరుకులో చేతికొచ్చే వంతులోనే. 8 స్టేజీల మందు అనుకోండి. స్టేజీకి 85 శాతం వస్తే చివరికి చేతికొచ్చేది 27 శాతం. అదే 92 శాతం చేస్తే 51 శాతం. అదే ముడిసరుకుతో దాదాపు రెట్టింపు మందు. హైదరాబాద్ యూనిట్లు ప్రపంచ ధరను పడగొట్టింది ఈ ఏడు శాతం తేడా దగ్గరే, చౌక కూలీతో కాదు.

సైఫాబాద్_లాయర్

జీడిమెట్ల గారూ, దీన్ని బయట దొంగతనం అన్నారు కదా?

జీడిమెట్ల_రియాక్టర్

అన్నారు. చట్టబద్ధంగా కాదు. పారిస్ ఒప్పందంలో మనం అప్పటికి సభ్యులం కూడా కాదు. స్విట్జర్లాండ్ మందులకు వస్తువు పేటెంట్ ఇచ్చింది 1970ల చివర్లో. ఇటలీ 1978 దాకా మందులకు పేటెంటే ఇవ్వలేదు. తమ కంపెనీలు బలపడే వరకు వాళ్లంతా చేసిన పనే ఇది.

బోధన్_బిడ్డ

అన్నా, గిదంతా మంచిగనే ఉంది. గని అభ్యర్థి తమ్ముడు అడిగింది ఐడీపీఎల్ గురించి. చట్టం అందరికీ ఒక్కటే కదా, మరి సర్కారు ఫ్యాక్టరీ ఎందుకు మునిగింది, పక్క షెడ్డోడు ఎట్ల బతికిండు? షుగర్ ఫ్యాక్టరీ సంగతి చూసినోళ్లకు ఈ ప్రశ్న పాతదే.

పద్దుల_పుస్తకం

మంచి ప్రశ్న బ్రదర్. ఐడీపీఎల్ 1961లో సోవియట్ సాయంతో పుట్టింది. రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్, మద్రాస్‌లో సర్జికల్ పరికరాలు, ఇక్కడ సింథటిక్ మందులు. సల్ఫా మందులు, విటమిన్లు, అనాల్జిన్ లాంటివి. 1954లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సాయంతో పింప్రిలో పెట్టిన హిందుస్తాన్ యాంటీబయాటిక్స్ దానికి అక్క.

మునగడానికి కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ప్లాంట్ రూపకల్పన ఫలానా మందు, ఇన్ని టన్నులు అని ముందే బిగించి ఇచ్చారు. బెంజీన్ లాంటి మూల రసాయనాల దగ్గర నుంచి అంతా ఒకే కాంపౌండ్‌లో. సల్ఫా మందుల వాడకం తగ్గినప్పుడు ఆ లైన్లను ఇంకోదానికి మార్చడం తేలిక కాదు. చిన్న యూనిట్ అలా కాదు, నాలుగు రియాక్టర్లు, ఒక సెంట్రిఫ్యూజ్, ట్రే డ్రయర్ ఉంటే ఈ నెల ఒక మందు, వచ్చే నెల ఇంకోటి.

రెండోది ధర. 1970లో మొదటి ధరల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది, 1979 ఉత్తర్వు 347 బల్క్ మందులకు (మాత్రలకు వాడే మూల మందు పదార్థాలకు) ధర కట్టింది. ధర కట్టే పద్ధతి ఖర్చు లెక్క మీద. ముడి చమురు ధర పెరిగితే సాల్వెంట్ (రసాయనాలను కరిగించే ద్రవం) ధర ఈ రోజే పెరుగుతుంది, మందు ధర సవరణ ఫైల్ తిరిగి తిరిగి ఎప్పటికో వస్తుంది. మొదటి స్టేజీ నుంచి తయారు చేసేవాడికి ఈ దెబ్బ అందరికంటే ఎక్కువ. మధ్యలో ఇంటర్మీడియట్ (సగం తయారైన రసాయనం) కొని చివరి రెండు స్టేజీలు చేసేవాడు తప్పించుకుంటాడు. ఐడీపీఎల్‌కి ఆ వెసులుబాటు లేదు, టౌన్‌షిప్, ఆస్పత్రి, బడి, వేల మంది సిబ్బంది అన్నీ ఆ ధరలోంచే నడవాలి. అమ్మకాల్లో పెద్ద భాగం ప్రభుత్వ ఆస్పత్రులకు, అక్కడ బిల్లు ఎప్పుడొస్తుందో చెప్పనక్కర్లేదు. వర్కింగ్ క్యాపిటల్ అప్పు మీద వడ్డీ, ఆ వడ్డీకి ఇంకో అప్పు. 1992లో బీఐఎఫ్ఆర్ (పారిశ్రామిక పునర్నిర్మాణ బోర్డు) ఖాయిలా పరిశ్రమగా ప్రకటించింది.

తార్నాక_గ్రంథపాలకుడు

పై లెక్కలో ఒక పద్దు లేదు. ఐడీపీఎల్ పుస్తకాల్లో ఎక్కడా కనిపించని ఉత్పత్తి మనుషులు. కెమిస్టులు, ప్లాంట్ ఇంజనీర్లు, బాయిలర్ ఆపరేటర్లు, క్వాలిటీ వాళ్లు, అందరూ అక్కడ తయారై బయటికి వచ్చారు. అంజిరెడ్డి గారు 1969 నుంచి 1975 దాకా అక్కడే పనిచేశారు, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయన పేరు అందరికీ తెలుసు. కానీ కూకట్‌పల్లి, సనత్‌నగర్, బొల్లారం షెడ్లలో ప్రొడక్షన్ నడిపిన పేరు తెలియని వాళ్లే అసలు నైపుణ్య బదిలీ.

దీన్ని ప్రైవేటు కంపెనీ ఎందుకు చేయదంటే, శిక్షణ ఇచ్చిన మనిషి పక్క కంపెనీకి వెళ్తాడు, ఖర్చు తనది, లాభం వేరేవాడిది. ప్రభుత్వ సంస్థకు అదే నష్టం దేశానికి లాభంగా మిగిలింది. ఉద్దేశించి చేశారా అంటే లేదు. 1956 పారిశ్రామిక విధాన తీర్మానంలో "మేం నష్టపోయి శిక్షణ ఇస్తాం" అని ఎవరూ రాయలేదు.

ఆర్ఆర్‌ఎల్ అయితే వేరే దారిలో పనిచేసింది. ప్రాసెస్ తయారు చేసి కంపెనీలకు ఇవ్వడం. హెచ్ఐవీ మందు జిడోవుడిన్ ప్రాసెస్ ఐఐసీటీ నుంచి సిప్లాకు వెళ్లింది. 2001 ఫిబ్రవరిలో సిప్లా మూడు మందుల కలయికను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానంది. అప్పటికి బహుళజాతి కంపెనీల ధర 10 వేల డాలర్లకు పైమాటే.

ఆజమాబాద్_షెడ్

ఇంకో చట్టం మర్చిపోతున్నారు. 1973 ఫెరా (విదేశీ మారకం నియంత్రణ చట్టం) విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించమంది. 1978 మందుల విధానం, ఫార్ములేషన్లు (మాత్రలు, సిరప్‌ల లాంటి తయారు మందులు) అమ్ముకోవాలంటే దానికి తగ్గ నిష్పత్తిలో బల్క్ మందు తయారు చేయాలంది. విదేశీ కంపెనీలకు 1:5, దేశీయులకు 1:10. బల్క్‌లో కొంత బయటి ఫార్ములేటర్లకు అమ్మాలి కూడా. బల్క్ మందుకి దేశంలోనే ఖాయమైన గిరాకీ ఏర్పడింది ఇక్కడే. పేటెంట్ చట్టం తలుపు తీసింది, ఈ నిబంధన కొనేవాడిని తెచ్చింది.

సైఫాబాద్_లాయర్

ఇదే రక్షణ ఆల్విన్‌కీ, హెచ్ఎంటీకీ కూడా ఉంది. వాచీలు, ఫ్రిజ్‌లు ఏమయ్యాయి? రక్షణ వల్లే గెలిచారంటే అవి కూడా గెలవాలి.

జీడిమెట్ల_రియాక్టర్

గెలవవు. అక్కడ లోపల పోటీ లేదు. 1951 చట్టం కింద లైసెన్స్, అందులో రాసిన సామర్థ్యం మించి చేస్తే నేరం, పెద్ద సంస్థ అయితే గుత్తాధిపత్యాన్ని ఆపే 1969 ఎంఆర్‌టీపీ చట్టం అడ్డు. కాబట్టి ఉన్న ఇద్దరు ముగ్గురు తయారీదారులు వెయిటింగ్ లిస్ట్ నడుపుకున్నారు. బల్క్ మందులో చిన్న తరహా యూనిట్‌కి పెట్టుబడి తక్కువ, ఒకే అణువు మీద పది మంది దిగేవాళ్లు. బయటి గోడ ఎత్తుగా ఉంది, లోపల మాత్రం కత్తులు దూసుకున్నారు. యీల్డ్ పెంచనివాడు ఆరు నెలల్లో పోయేవాడు.

దానికి తోడు 1984లో అమెరికా జెనెరిక్ చట్టం వచ్చింది. క్లినికల్ ట్రయల్స్ మళ్లీ చేయక్కర్లేదు, రక్తంలో మందు అదే స్థాయిలో చేరుతోందని చూపిస్తే అనుమతి. ఎగుమతి మార్కెట్ తెరుచుకుంది. అక్కడి ఇన్‌స్పెక్టర్ వచ్చి బ్యాచ్ రికార్డు చూస్తాడు, కాబట్టి నాణ్యత గీత కూడా బయటి నుంచే పడింది. కొరియాలో ప్రభుత్వం చౌక రుణానికి బదులుగా ఎగుమతి లక్ష్యం అడిగేది. మన ప్రభుత్వం అడగలేదు. మందుల విషయంలో మాత్రం దేశంలోని ధరల నియంత్రణ మార్జిన్ తొక్కేయడంతో కంపెనీలు తామే బయటికి చూశాయి. 1991 జూలై 1, 3 తేదీల్లో రూపాయి విలువ తగ్గించినప్పుడు తయారుగా ఉన్న సరుకు వీళ్ల దగ్గరే ఉంది.

నక్కవాగు

అందరూ యీల్డ్ లెక్కే చెప్తున్నారు. 27 శాతం చేతికొస్తే మిగతా 73 ఎక్కడికి పోయింది?

మందుల పరిశ్రమలో కిలో ఉత్పత్తికి 25 నుంచి 100 కిలోల దాకా వ్యర్థం పుడుతుంది. సాల్వెంట్లు, లవణాలు, సగంలో ఆగిన ఇంటర్మీడియట్లు. పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లిలో 1970-80లలో ఇది నేరుగా వాగుల్లోకి వెళ్లింది. 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది కేసు. ఉమ్మడి శుద్ధి ప్లాంట్లు పెట్టారు, కానీ అవి నడిచేది సూక్ష్మజీవుల మీద. ఉప్పు ఎక్కువైతే ఆ జీవులు చస్తాయి, యాంటీబయాటిక్ కలిసి వస్తే చావనివి మిగిలి మొండి బ్యాక్టీరియా అవుతాయి. 2007లో వెలువడిన స్వీడిష్ శాస్త్రవేత్తల పరిశోధన, పటాన్‌చెరు ప్లాంట్ నుంచి శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని చూపింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే దానికన్నా ఎక్కువ.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు, ఖర్చు. ఉప్పు ఎక్కువున్న నీళ్లు, తక్కువున్న నీళ్లు పుట్టిన చోటే వేరు చేయాలి. మొదటిదాన్ని స్ట్రిప్పర్‌లో పెట్టి సాల్వెంట్ లాగాలి, తర్వాత నీటిని ఆవిరి చేసే మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్, చివర్లో డ్రయర్. వచ్చిన ఉప్పు దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి. ఆవిరి చల్లారిన నీళ్లు, రెండో రకం నీళ్లు కలిపి బయోలాజికల్‌కి, ఆ తర్వాత ఆర్‌వో. ఎక్కడ తప్పుతుందంటే, స్ట్రిప్పర్ ఆపేస్తారు, స్టీమ్ మిగులుతుందని. అప్పుడు సాల్వెంట్ ఎవాపరేటర్‌లోకి వెళ్లి, కండెన్సేట్‌లో తేలి, బయోలాజికల్ ట్యాంకును చంపేస్తుంది. ఈ ఖర్చును మందు ధరలో ఎవరూ వేయలేదు, వాగు కింద పొలం ఉన్నవాడి మీద వేశారు. గెలుపు లెక్క వేసేవాళ్లు దీన్ని కూడా రాయండి.

బోధన్_బిడ్డ

నక్కవాగు అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. పరీక్షల ఈ పాయింటు రాసేటోళ్లు తక్కువ.

అశోక్‌నగర్_అభ్యర్థి

చాలా థాంక్స్ సర్, అందరికీ. చివరిగా ఒకటి. ఇంత చేసిన దేశం ఇప్పుడు పెన్సిలిన్ ముడిసరుకు కోసం చైనా మీద ఎందుకు ఆధారపడుతోంది? ట్రిప్స్ (ప్రపంచ వాణిజ్య సంస్థ మేధో హక్కుల ఒప్పందం) వల్లనా?

తార్నాక_గ్రంథపాలకుడు

ట్రిప్స్ వల్ల కాదు. ట్రిప్స్ 1995లో అమల్లోకి వచ్చింది, పదేళ్ల గడువు వాడుకుని 2005లో మళ్లీ వస్తువు పేటెంట్ తెచ్చాం. అది కొత్త మందుల సంగతి, పెన్సిలిన్ పేటెంట్ ఎప్పుడో పోయింది. పాత మందుకే చిన్న మార్పు చేసి గడువు పొడిగించుకోకుండా 3(డి) సెక్షన్ పెట్టుకున్నాం. దాని కిందే 2013లో నోవార్టిస్ గ్లివెక్ దరఖాస్తు సుప్రీంకోర్టులో వీగిపోయింది.

జీడిమెట్ల_రియాక్టర్

పెన్-జీ (పెన్సిలిన్ మందులకు మూల పదార్థం) వేరే జాతి పని. మన బలం సింథటిక్ కెమిస్ట్రీ, అది ఫెర్మెంటేషన్. శిలీంధ్రాన్ని లక్ష లీటర్ల పైబడిన ట్యాంకుల్లో పెంచాలి. తిండి గ్లూకోజ్, మొక్కజొన్న నానబెట్టిన ద్రావణం. మధ్యమధ్యలో ఫినైల్ అసిటిక్ ఆమ్లం కొలిచి వేస్తూ ఉండాలి, ఎక్కువైతే శిలీంధ్రానికే విషం. రోజుల తరబడి ఆగకుండా స్టెరైల్ గాలి ఊదాలి, కలియబెట్టాలి, చల్లబరచాలి. కరెంటు కాసేపు పోయినా ఆక్సిజన్ పడిపోయి యీల్డ్ తరుగుతుంది. ఒక్క వాల్వ్ సీల్ లీకై బయటి క్రిమి దూరితే ట్యాంక్ మొత్తం డ్రైనేజీ పాలు. కాబట్టి ఖర్చులో కరెంటు, గ్లూకోజ్ పెద్ద వాటా, ఆ తర్వాత స్ట్రెయిన్, అంటే వాడే శిలీంధ్రపు రకం. ప్రభుత్వ ప్లాంట్ల స్ట్రెయిన్లు వెనకబడిపోయాయి. చైనా భారీ సామర్థ్యం కట్టి 1990ల చివరి నుంచి ధర దించేసరికి ఇక్కడి ప్లాంట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సుంకం వేసి కాపాడదామంటే ఫార్ములేషన్ కంపెనీలే వద్దన్నాయి, వాళ్లకు చౌక ముడిసరుకు కావాలి.

పద్దుల_పుస్తకం

2020లో కేంద్రం 6,940 కోట్లతో ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం పెట్టింది, 41 ఉత్పత్తులకు. పెన్-జీ, 7-ఏసీఏ, ఎరిత్రోమైసిన్ థయోసైనేట్, క్లావులానిక్ ఆమ్లం ఆ జాబితాలో ముఖ్యమైనవి. హైదరాబాద్ అరబిందో తన అనుబంధ సంస్థ ద్వారా పెన్-జీ ప్లాంట్ కట్టింది, ఏడాదికి 15,000 టన్నుల సామర్థ్యం. కట్టింది ఇక్కడ కాదు, కాకినాడ దగ్గర.

ఐడీపీఎల్ నాటి సాయానికీ దీనికీ తేడా చూడండి. అప్పుడు డబ్బు ముందే ఇచ్చారు, ఫలితం అడగలేదు. ఇప్పుడు అమ్మకం చూపిస్తేనే ఇస్తారు, అదీ గడువు వరకే, పెన్-జీ లాంటివాటికి చివరి ఏళ్లలో తగ్గిస్తూ. కాగితం మీద ఇది మెరుగు. కానీ గడువులోపు అవతలివాడు ధర ఇంకో 30 శాతం దించితే ఏం చేస్తారన్నది పథకంలో ఎక్కడా లేదు.

జీడిమెట్ల_రియాక్టర్

దించుతాడు కూడా. అతని ట్యాంకుల పెట్టుబడి ఎప్పుడో వసూలైంది, కరెంటు, గ్లూకోజ్ ఖర్చు వస్తే చాలు నడుపుకుంటాడు. మనవాడు బ్యాంకు వాయిదా కూడా అందులోంచే తీయాలి.